సెట్ నొక్కినా పడని మీట: క్రూయిజ్ స్విచ్ మార్చుకున్న నా అనుభవం

నా కుడి చీలమండలో స్టీలు ప్లేటు ఉంది. నాలుగేళ్ల కిందట బైకు మీద నుంచి పడ్డప్పుడు వేశారు. నడకకు ఇబ్బంది లేదు, మెట్లు ఎక్కుతాను, చెరువు గట్ల మీద తిరుగుతాను. కారులో యాక్సిలరేటర్ మీద పాదాన్ని ఒకే వాలులో అరగంట ఆనించి ఉంచితే మాత్రం మడమ దగ్గర బిగుసుకుపోతుంది. దిగేసరికి వాచిపోయి చెప్పు పట్టీ ఒక రంధ్రం వదులు చేసుకోవాల్సి వస్తుంది. అందుకే కారు కొనేటప్పుడు సన్‌రూఫ్ అడగలేదు, పెద్ద స్క్రీన్ అడగలేదు. క్రూయిజ్ కంట్రోల్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండానే మనం పెట్టిన వేగాన్ని కారే నిలబెట్టే ఏర్పాటు, ఉన్న మోడలే కావాలని పట్టుబట్టాను.

నా పని రొయ్యల చెరువుల నీళ్లు పరీక్ష చేయడం. కావలిలో చిన్న ల్యాబ్ ఉంది. తెల్లవారుజామునే బోగోలు, అల్లూరు వైపు చెరువులకు పోతాను. వారానికి రెండుసార్లు ఒంగోలు వెళ్లి అక్కడి నుంచి కొత్తపట్నం వైపు చెరువులు చూసుకుని వస్తాను. కావలి నుంచి ఒంగోలు 60 కిలోమీటర్ల పైమాటే. ఊళ్ల దగ్గర, క్రాసింగుల దగ్గర కాలు బ్రేకు మీదే. రోడ్డు ఖాళీగా ఉన్న చోట 80లో పెట్టి సెట్ నొక్కుతాను, పాదం వెనక్కి తీసి బ్రేకు దగ్గర నేల మీద పెట్టుకుంటాను. వాన పడితే అసలు వాడను, తడి రోడ్డు మీద క్రూయిజ్ మంచిది కాదు. ఉన్న పది పదిహేను నిమిషాల విశ్రాంతే ఆ కాలికి చాలు.

మొన్న మే నెలలో ఉలవపాడు దాటాక మొదలైంది కథ. రోడ్డు పక్కన మామిడిపళ్ల బుట్టలు పెట్టుకుని కూర్చున్న వాళ్లందరినీ దాటుకుని, రోడ్డు ఖాళీ అయ్యాక క్రూయిజ్ మెయిన్ మీట నొక్కాను. మీటరులో గుర్తు వెలిగింది. సెట్ నొక్కాను. దాని పక్కన వెలగాల్సిన పచ్చ అక్షరాలు వెలగలేదు. మళ్లీ నొక్కాను. లేదు. బొటనవేలితో బలంగా అదిమి పట్టి వదిలితే అప్పుడు పడింది. వేలు సరిగ్గా తగల్లేదేమో అనుకున్నాను.

వారం తిరిగేసరికి నాలుగు నొక్కుళ్లకు ఒకటి పడేది. తర్వాత పదింటికి ఒకటి. అదైనా సర్దుకునేవాడిని. భయపెట్టింది ఇంకొకటి. టంగుటూరు టోల్ గేటు దాటాక 76లో పోతూ, కాస్త పెంచుదామని రెస్ మీట నొక్కి పట్టుకున్నాను. అది వేగం పెంచే మీట, వదిలేసిన వేగాన్ని తిరిగి అందుకునే మీట కూడా. వేగం పెరగలేదు సరికదా, తగ్గడం మొదలైంది. 74, 71, 68. బ్రేకు తొక్కలేదు కాబట్టి వెనక ఎర్ర లైటు వెలగదు, నా వెనక లారీకి నేను నెమ్మదిస్తున్న సంగతి ఎట్లా తెలుస్తుంది? హెడ్‌లైట్లు కొడుతూ హారన్ మోగిస్తూ మీదికొచ్చేశాడు. క్రూయిజ్ ఆపేసి యాక్సిలరేటర్ తొక్కి పక్క లేనులోకి తప్పుకున్నాను. ఆ రోజు ఒంగోలు చేరేదాకా మళ్లీ ఆ మీటల జోలికి పోలేదు. కాలు వాచింది, అది వేరే సంగతి.

ఇంటికొచ్చి ముందు నాకు చేతనైనవి చూసుకున్నాను. బ్రేకు లైటు స్విచ్ చెడినా క్రూయిజ్ పడదు. బ్రేకు తొక్కారనుకుని కారు కంప్యూటరు ఒప్పుకోదు. మా అబ్బాయిని కారు వెనక నిలబెట్టి తొక్కి చూశాను. "వెలిగింది నాన్నా, ఆరింది నాన్నా" అని చెబుతూనే ఉన్నాడు. తొక్కితే వెలుగుతోంది, వదిలితే ఆరుతోంది. క్లచ్ పెడల్ కింద కూడా ఒక స్విచ్ ఉంటుంది, దాని వైరు ఊడలేదు, పెడల్ పూర్తిగా పైకి వస్తోంది. ఫ్యూజు బాగానే ఉంది. కారుతో ఇచ్చిన పుస్తకం తీసి చదివితే 40 కంటే తక్కువ వేగంలో సెట్ కాదని ఉంది. నేను నొక్కేది 80లో. ఇక మిగిలింది స్టీరింగ్ మీది మీటలే అని అనుమానం గట్టిపడింది.

సర్వీస్ సెంటరుకు ఇచ్చాను. ఏ ఊళ్లోదో, ఏ కంపెనీదో ఇక్కడ అక్కర్లేదు. మొదటిసారి బ్రేకు స్విచ్ మార్చి బిల్లు వేశారు. వెలిగి ఆరుతున్న సంగతి నేను చెప్పినా వినలేదు. నాలుగో రోజు మళ్లీ అదే తంతు. రెండోసారి వెళితే, స్టీరింగ్ లోపలి స్పైరల్ కేబుల్, మీటల సెట్టు, అన్నీ కలిపి మార్చాలి, 17,000 అవుతుంది అన్నారు. "కరెంటు కొలిచే మీటరు పెట్టి చూశారా?" అని అడిగాను. "ఇదంతా ఎలక్ట్రానిక్ సార్, చూసేదేం ఉండదు, మార్చడమే" అన్నాడు సలహాదారు కుర్రాడు.

ఆ మాట నాకు చాలా కష్టమనిపించింది. డబ్బుది తర్వాత. ఒక రైతు రొయ్యలు మేత తినడం లేదని పరుగెత్తుకుని వస్తే, నేను నీళ్లు చూడకుండా ఒక్క మందు పేరు కూడా చెప్పను. ఆక్సిజన్ ఎంతుంది, పీహెచ్ ఎంతుంది, అమోనియా ఉందా, చూసిన తర్వాతే నోరు విప్పుతాను. చూడకుండా బస్తాలు బస్తాలు చెరువులో గుమ్మరించి అప్పులపాలైన వాళ్లు నాకు తెలుసు. కారుకైనా అదే పద్ధతి ఉండాలి కదా. అడ్వాన్సు కట్టకుండా తాళం తీసుకుని వచ్చేశాను.

చెరువుల దగ్గర నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్ల మోటార్లు చుట్టే మనిషి ఒకాయన చెప్పాడు, నెల్లూరు ఆటోనగర్‌లో కారు వైరింగ్ చేసే భాయ్ ఉన్నాడు, ముప్పై ఏళ్లుగా ఇదే పని, తొందరపడడు అని. శనివారం పొద్దున్నే వెళ్లాను. అరవై దాటి ఉంటాయి ఆయనకు. కళ్లద్దాలకు దారం కట్టుకుని మెడలో వేసుకున్నాడు. నేను మొత్తం చెప్పేదాకా విన్నాడు.

"హారన్ కొట్టబ్బయ్యా" అన్నాడు. కొట్టాను. "పాటల సౌండు పెంచే మీట నొక్కు." పనిచేసింది. "స్టీరింగు ఈ పక్కకు మొత్తం తిప్పి కొట్టు. ఆ పక్కకు తిప్పి కొట్టు." హారన్ రెండు పక్కలా మోగింది. "ఎయిర్‌బ్యాగ్ లైటు వెలగతా ఉందా మీటర్లో?" లేదన్నాను.

"మరి స్పైరల్ కేబుల్ పోయిందని ఎవురు చెప్పారు నీకు? హారన్‌కూ, ఎయిర్‌బ్యాగ్‌కూ, ఈ మీటలకూ అన్నిటికీ దాంట్లోనించే పోతాది కరెంటు. అది తెగితే ఇవన్నీ ఊరుకుంటాయా? ఇంట్లో ఎలకలుండాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?"

స్టీరింగ్ చక్రం తిరుగుతూ ఉంటుంది, దాని కింద రాడ్డు చుట్టూ ఉన్న వైరింగ్ తిరగదు. ఈ రెంటినీ కలిపేది ఆ కేబుల్. గడియారం స్ప్రింగులాగా చుట్ట చుట్టిన పల్చటి పట్టీ. చక్రం ఒక పక్కకు తిప్పితే బిగుస్తుంది, ఇంకో పక్కకు తిప్పితే వదులవుతుంది. అందుకే క్లాక్ స్ప్రింగ్ అనీ అంటారు. దాన్ని అనవసరంగా కదిలించి మధ్య స్థానం తప్పించారంటే, పూర్తిగా తిప్పినప్పుడు తెగుతుంది. నాకు మార్చమన్నది బాగున్న దాన్నే.

తర్వాత ఆయన బల్ల సొరుగులోంచి పొడవాటి లెక్కల పుస్తకం తీశాడు. అట్టకు ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. పేజీల నిండా గ్రీజు వేళ్ల గుర్తులు. కారు పేరు, దాని కింద మీటల పేర్లు, ఎదురుగా అంకెలు. ఒక్కో కారు చేతికొచ్చినప్పుడల్లా బాగున్న స్విచ్‌ను మీటరు పెట్టి కొలిచి రాసుకున్నాడట. నా కారు పేజీ వెతికి వేలు పెట్టి చూపించాడు: రెస్ 240, సెట్ 630, క్యాన్సిల్ 1540. అన్నీ ఓములే, కరెంటుకు తగిలే అడ్డును కొలిచే లెక్క.

ఈ అంకెల్లోనే అసలు సంగతి ఉంది. మీటకో తీగ ఉంటుందని నేను అనుకునేవాడిని. కాదు. మా కారులో క్రూయిజ్ మీటలన్నిటికీ కలిపి రెండే తీగలు. ఒక్కో మీట వెనక ఒక్కో విలువ ఉన్న రెసిస్టర్ ఉంటుంది. ఏ మీట నొక్కితే ఆ దారిలో కరెంటుకు అంత అడ్డు తగులుతుంది. కంప్యూటరు ఆ అడ్డు ఎంతో చూసి, ఇది సెట్, ఇది రెస్ అని పోల్చుకుంటుంది. గొంతు విని మనిషిని గుర్తుపట్టినట్టు. కారు మారితే అంకెలు మారతాయి, పద్ధతి మాత్రం చాలా కార్లలో ఇదే.

ఇక విప్పడం. ఈ భాగం నేను వివరంగా రాస్తాను, ఎందుకంటే స్టీరింగ్ మధ్యలో ఉండేది ఎయిర్‌బ్యాగ్, పొరపాటున పేలితే మొహం మీదే పేలుతుంది. చక్రాలు తిన్నగా పెట్టించాడు. తాళం తీసి జేబులో వేసుకోమన్నాడు. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ 10 నంబరు స్పానరుతో వదులు చేసి ఊడదీసి, తిరిగి తగలకుండా గుడ్డ చుట్టాడు. వెంటనే పని మొదలుపెడతాడనుకున్నాను. "పా, టీ తాగొద్దాం" అన్నాడు. ప్రమాదంలో బ్యాటరీ నుజ్జయినా బ్యాగ్ తెరుచుకోవాలి కాబట్టి ఆ కంట్రోల్ పెట్టెలో కాసింత కరెంటు నిలవ ఉంటుంది. అది దిగిపోవడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. కంపెనీ పుస్తకాల్లో ఒక్కోచోట ఒక్కో లెక్క ఉంటుంది. ఆయన లెక్క మాత్రం ఒక టీ, ఒక బన్ను. పావుగంట.

తిరిగొచ్చి ముందు తలుపు ఇనుప భాగాన్ని చేత్తో తాకాడు, ఒంట్లో స్థిర విద్యుత్తు ఉంటే దిగిపోవాలని. నన్నూ తాకమన్నాడు. స్టీరింగ్ వెనక పక్క కుడి ఎడమల చిన్న రంధ్రాలున్నాయి. వాటిలోకి సన్నటి స్క్రూడ్రైవరు దూర్చి స్ప్రింగును నొక్కితే టక్కుమని ముందు ముక్క ఒక పక్క ఊడింది. రెండో పక్క కూడా అంతే. కొన్ని కార్లలో స్ప్రింగులు ఉండవు, నక్షత్రం తల స్క్రూలుంటాయి. బ్యాగ్ వెనక పసుపుపచ్చ కప్లర్లు, అంటే వైర్లను కలిపే ప్లగ్గులు, కనిపించాయి. కారులో పసుపుపచ్చ కప్లర్ ఎక్కడ కనబడినా అది ఎయిర్‌బ్యాగ్‌దే అనుకుని చేయి దూరం పెట్టమన్నాడు. వాటి మీది చిన్న తాళాన్ని గోటితో పైకి లేపి, వైరు లాగకుండా కప్లర్‌నే పట్టుకుని తీశాడు. బ్యాగ్‌ను ఒంటికి దూరంగా పట్టుకుని వెళ్లి, కంపెనీ గుర్తు పైకి ఉండేలా వేరే బల్ల మీద పెట్టాడు. బోర్లా పెట్టి ఉండగా పేలితే అది రాకెట్టులా ఎగురుతుంది. దానికి మీటరు ఎప్పుడూ పెట్టకూడదు, మీటరు పంపే కొద్దిపాటి కరెంటు కూడా ప్రమాదమే అని రెండుసార్లు చెప్పాడు.

మీటల ముక్కకు రెండు స్క్రూలు, ఒక తెల్ల కప్లర్. అది చేతికొచ్చాక మీటరు నాకే ఇచ్చాడు. "నువ్వే చూసుకో, నీకు అలవాటైన పనే గదా."

రెస్ నొక్కాను. 260. వదిలి మళ్లీ నొక్కాను. 410. కాస్త మెల్లిగా నొక్కితే 640. నా ఒళ్లు ఝల్లుమంది. 640 అంటే పుస్తకంలో సెట్ అంకె దగ్గరే కదా. సెట్ మీటకే వేగం తగ్గించే పని కూడా ఉంది. టంగుటూరు దగ్గర నేను రెస్ నొక్కితే కారుకు సెట్ అని వినబడింది! సెట్ నొక్కి చూస్తే 1100, 1300, 1500. అంటే సెట్ నొక్కిన చాలాసార్లు దానికి క్యాన్సిల్ అని వినబడుతోంది. ఎట్లా పడుతుంది మరి? బలంగా అదిమినప్పుడు అంకె 650కి దిగుతోంది. అప్పుడు పడుతోంది. నెల రోజులుగా అర్థం కానిదంతా ఆ చిన్న తెర మీద అంకెల్లో కనబడింది.

భాయ్ ముక్క వెనక మూత విప్పాడు. రబ్బరు పలక ఎత్తితే కింద పచ్చటి బోర్డు మీద దువ్వెన పళ్లలా రాగి గీతలు. మీట నొక్కినప్పుడు రబ్బరు కింది నల్ల చుక్క వచ్చి ఆ గీతలను కలపాలి. రెస్, సెట్ దగ్గర గీతల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. అంచుల్లో తెల్లటి పొడి. క్యాన్సిల్ దగ్గర మాత్రం రాగి కొత్తగా మెరుస్తోంది. ఆయన ఆ పొడిని వేలితో రాసి చూసి, "ఏం పనబ్బయ్యా నీది?" అన్నాడు.

చెప్పేలోపే నాకు అర్థమైపోయింది. చెరువులో చేయి ముంచి నీళ్ల సీసా నింపుతాను. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే లేపి రొయ్యను అరచేతిలో పెట్టుకుని చూస్తాను. తుండుతో తుడుచుకున్నాననుకుని కారెక్కి బొటనవేలితో ఆ రెండు మీటలే నొక్కుతాను. మా చెరువుల నీళ్లలో ఉప్పు లీటరుకు 15, 20 గ్రాములు. ఎండాకాలం ఇంకా ఎక్కువ, కొన్ని చోట్ల సముద్రపు 35కు దగ్గరగా పోతుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు ఎక్కడికి పోతుంది? మీట చుట్టూ ఉన్న సందులోంచి లోపలికే దిగింది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది ముంచి తుడిచాడు. అంకెలు సరిగ్గా వచ్చాయి. కానీ గీతల మీది పూత పోయిందని, ఇది ఎక్కువ రోజులు ఆగదని ముందే చెప్పాడు. తొమ్మిది రోజులు ఆగింది. ఆ తొమ్మిది రోజుల్లో నేను స్విచ్ కోసం వెతికాను.

ఇందులో ఒక దెబ్బ తిన్నాను. స్పేర్స్ షాపులో కారు పేరు, సంవత్సరం చెప్పి చెన్నై నుంచి తెప్పించాను. చూడటానికి అచ్చంగా అదే. తీరా కప్లర్ పెట్టబోతే పిన్నులు వేరు. రాత్రిపూట మీటల మీది అక్షరాలు వెలిగించే లైటు తీగ అందులో లేదు. కింది మోడల్‌ది. వెనక్కి పంపి, నా పాత ముక్క వెనక ముద్రించి ఉన్న పార్ట్ నంబరు అక్షరం అక్షరం ఫోటో తీసి పంపితే అప్పుడు సరైనది వచ్చింది. 3,400 రూపాయలు. నంబరు లేకుండా స్విచ్ కొనవద్దని ఎవరికైనా చెబుతాను.

రెండోసారి నెల్లూరు వెళ్లినప్పుడు కొత్త ముక్క పెట్టకముందే మీటరు పెట్టాను. 241, 629, 1538. నొక్కిన ప్రతిసారీ అవే. బిగించడం విప్పినదానికి తిరగేసిన వరస: స్విచ్ కప్లర్, స్క్రూలు, పసుపు కప్లర్లు క్లిక్ మనేదాకా, వాటి తాళాలు, బ్యాగ్‌ను తిన్నగా నొక్కితే రెండు పక్కలా టక్ టక్. బ్యాటరీ ఆఖరున. తాళం తిప్పేటప్పుడు సీట్లో ఎవరూ కూర్చోకుండా, కిటికీలోంచి చేయి పెట్టి తిప్పాడు. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది. నేను ఊపిరి బిగబట్టి చూశాను. కొన్ని క్షణాలకు ఆరిపోయింది. అది ఆరకుండా ఉంటే కారు అక్కడి నుంచి కదలనివ్వనని అన్నాడాయన. కూలి 600 తీసుకున్నాడు. ఇంకో 400 ఇవ్వబోతే తీసుకోలేదు. పాత ముక్క మాత్రం అడిగి ఉంచుకున్నాడు, తన దగ్గర పని నేర్చుకునే పిల్లలకు మూత తీసి చూపించడానికి.

ఇలా చేయి అలవాటు లేనివాళ్లు ఇంట్లో ఒంటరిగా విప్పుకోవడం నాకు ఇష్టం లేదు. తెలిసిన మనిషి పక్కన కూర్చుని, అంకెలు మీ కళ్లతో చూడండి. అది చాలు.

కారు రాకముందు, కాలికి ఐసు పెట్టుకుని పడుకున్న రాత్రుల్లో ఈ క్రూయిజ్ కంట్రోల్ ఎవరు కనిపెట్టారా అని చదివాను. రాల్ఫ్ టీటర్ అనే అమెరికన్ ఇంజనీరు. ఐదేళ్ల వయసులోనే ప్రమాదంలో చూపు పోయింది ఆయనకు. వాళ్ల లాయరు కారు నడుపుతూ, తాను మాట్లాడేటప్పుడు వేగం తగ్గించి, వినేటప్పుడు పెంచేవాడట. పక్కన కూర్చుని ఆ కుదుపులు పడలేక ఈ ఆలోచన చేశాడని చెబుతారు. 1950లో పేటెంటు వచ్చింది, 1958లో క్రైస్లర్ ఇంపీరియల్ కారులో మొదట పెట్టారు. వేగం ముల్లును ఎన్నడూ చూడని మనిషి, ఒంటికి తెలిసిన కుదుపుతోనే వేగాన్ని అర్థం చేసుకున్నాడు. ఈ మీట నొక్కినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

ఆ సాయంత్రం పెన్న వంతెన దాటి, కోవూరు దాటాక రోడ్డు ఖాళీ అయింది. 80. సెట్. వేలు తగిలీ తగలకముందే పచ్చ అక్షరాలు వెలిగాయి. రెస్ నొక్కితే 81, 82, 83. సెట్ నొక్కితే 82, 81, 80. బ్రేకును కాస్త తాకితే వదిలేసింది. రెస్ నొక్కితే తిరిగి 80కి వచ్చింది. కావలి దాకా అలా నాలుగైదుసార్లు చూసుకున్నాను.

ఇప్పుడు డ్రైవరు తలుపు అరలో రెండు లీటర్ల మంచినీళ్ల సీసా, పొడి గుడ్డ ఉంటాయి. చేతులు కడుక్కుని, బొటనవేళ్లు గోళ్ల సందుల దాకా తుడుచుకున్నాకే స్టీరింగ్ పట్టుకుంటాను. కొత్తపట్నం వైపు ఒక చెరువు దగ్గర కాపలా ఉండే పెద్దాయనకు ఈ సంగతంతా చెప్పాను. నేను సీసాలు డబ్బాలో సర్దుకునేసరికి ఆయనే చెంబుతో నీళ్లు పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంటాడు. "చేతులు పట్టయ్యా, నీ కారుకు ఉప్పు పడదు గదా" అంటాడు.